నిప్పుకు హద్దు చెప్పినవారు

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ సాహిత్యం పేజీలో ప్రాచీన కథల్లోని ప్రతీకార పాత్రల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పగబట్టిన పాత్రలే మనిషి బలానికి నిజమైన ప్రతీకలన్న అభిప్రాయంతో వ్యాసకర్త తమిళ కావ్యం శిలప్పదికారంలోని కణ్ణగిని, ద్రౌపదిని, అంబను, అశ్వత్థామను, పాశ్చాత్య నవలల్లోని ఆహబ్‌ను, మాంటె క్రిస్టో ప్రభువును ఒకే వరుసలో నిలబెట్టి, వీరందరిలోనూ వెలిగింది ఒకే అగ్ని అని రాశారు. వ్యాసం చదివించింది, భాష బాగుంది, ఇంత విస్తారంగా చదువుకున్నవారు మన పత్రికలకు రాయడం సంతోషించదగిన విషయం. అయినా ఆ వరుస మాత్రం నాకు మింగుడుపడలేదు. కణ్ణగి పక్కన అశ్వత్థామను నిలబెట్టడమంటే, ఆ రెండు కావ్యాలూ ఎంతో శ్రమపడి చూపించిన తేడాను ఒక్క కలంపోటుతో చెరిపివేయడమే అవుతుంది. ఉద్యోగ జీవితమంతా చెన్నైలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఈ పాత్రల మధ్యనే బతికినదాన్ని కనుక, ఉత్తరం కాస్త పొడవైనా ప్రచురిస్తారన్న ఆశతో రాస్తున్నాను.

మెరీనా తీరాన ఉన్న కణ్ణగి విగ్రహాన్ని చెన్నైలో ఉండే తెలుగువారిలో చూడనివారు అరుదు. 1968లో రెండవ ప్రపంచ తమిళ మహాసభ జరిగిన సందర్భంగా ఆ తీరాన నెలకొల్పిన విగ్రహాల్లో అది ఒకటి. 2001 డిసెంబరులో దాన్ని అక్కడి నుంచి తొలగించినప్పుడు రాష్ట్రమంతటా ఎంత చర్చ జరిగిందో, 2006లో మళ్లీ అదే తీరాన నిలబెట్టినప్పుడు ఎంతమంది సంతోషించారో ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. ఒక కావ్యనాయిక విగ్రహం ఉండాలా వద్దా అన్నది ఇంతమందిని కదిలించిందంటేనే ఆమె ఈ నేలమీద ఎంతటి బలానికి గుర్తో తెలుస్తుంది. ఆ విగ్రహాన్ని ఈసారి చూసినవారు చేతివైపు చూడాలని నా మనవి. మధురను తగలబెట్టిన స్త్రీ అని మనం చెప్పుకునే ఆమె చేతిలో శిల్పి నిప్పు పెట్టలేదు, కాలి అందె పెట్టాడు. అంటే రాజసభలో సాక్ష్యం చూపుతూ నిలబడిన క్షణాన్నే ఆమె జీవితం మొత్తానికి గుర్తుగా ఎంచుకున్నాడన్నమాట. అది ఎంతో లోతుగా చదువుకుని చేసిన ఎంపిక అని నేను నమ్ముతాను.

ఇళంగో అడిగళ్ శిలప్పదికారంలో కథ నడిచిన తీరు చూడండి. కావేరీపూంపట్టినం నుంచి మధురకు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కోవలన్, భార్య కణ్ణగి కాలి అందెను అమ్మబోయి, రాణి అందెను అప్పటికే కాజేసిన కంసాలి చేతిలో దొంగగా చిక్కుతాడు. అలిగిన రాణిని ఓదార్చడానికి అంతఃపురం వైపు వెళుతున్న పాండ్యరాజు, ఏ విచారణా లేకుండా, దారిలో నిలబడే, అందె అతని దగ్గర ఉంటే చంపి దాన్ని పట్టుకురమ్మని భటులకు చెప్పేస్తాడు. తరువాత జరిగిన ఘోరమంతా ఆ తొందరపాటు మాటలోనే ఉంది. భర్త శవాన్ని చూసిన కణ్ణగి మాత్రం తొందరపడలేదు. ఆమె ఒంటి అందె చేతబట్టుకుని నేరుగా రాజద్వారానికి వెళ్లింది, లోపలికి కబురు పంపింది, పిలిచిన తరువాతే సభలో అడుగుపెట్టింది. నీవెవరని రాజు అడిగితే, దూడ ప్రాణానికి బదులు కన్నకొడుకునే రథం కింద బలి ఇచ్చిన చోళరాజు, పావురం కోసం తన ఒంటి మాంసాన్ని ఇచ్చిన శిబి ఏలిన పుహారు నగరం, అంటే కావేరీపూంపట్టినం, తనదని చెప్పింది. ధర్మాసనం మీద కూర్చున్నవాడు ఎలా ఉండాలో అతనికి అతని సభలోనే గుర్తుచేసిన తీరు అది.

రాజు కూడా తన వాదన వినిపించాడు. దొంగను చంపడం రాజధర్మమే తప్ప అధర్మం కాదన్నాడు. నా అందె లోపల ఉన్నవి మాణిక్యాలు అని ఆమె అన్నది. మా రాణి అందెలో ఉన్నవి ముత్యాలు అని అతనన్నాడు. స్వాధీనం చేసుకున్న అందెను తెప్పించి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని పగలగొట్టగానే లోపలి మాణిక్యం ఎగిరి రాజు ముఖాన పడింది. నేనా రాజును, దొంగను నేనే అంటూ అతడు కూలి ప్రాణం విడిచాడు. అభియోగం, ప్రతివాదం, సాక్ష్యం, తీర్పు అన్నీ వరుసగా జరిగిన వ్యాజ్యం ఇది. తీర్పు చెప్పినవాడూ శిక్ష అనుభవించినవాడూ కూడా రాజే. ప్రపంచ సాహిత్యంలో ఒక సామాన్య స్త్రీ, ఊరుకాని ఊరిలో, వెనుక ఒక్క మనిషి లేకుండా, ప్రశ్నతోనే ఒక సింహాసనాన్ని కూల్చిన ఘట్టం ఇంతకన్నా గొప్పది నాకు తెలిసి మరొకటి లేదు. నగరం కాలింది దీని తరువాత. అప్పటికే ఆమె గెలిచింది.

ఇక అగ్ని సంగతి. ఆమె మధురను మూడుసార్లు చుట్టివచ్చి, తన ఎడమ రొమ్మును పెరికి నగరం మీద విసిరినప్పుడు అగ్నిదేవుడు ప్రత్యక్షమై, ఈ నగరాన్ని దహించమని నాకు ముందే ఆజ్ఞ ఉంది, ఎవరెవరిని విడిచిపెట్టమంటావో చెప్పమని అడుగుతాడు. బ్రాహ్మణులను, ధర్మాత్ములను, ఆవులను, పతివ్రతలను, వృద్ధులను, పసిపిల్లలను విడిచిపెట్టి చెడ్డవారి పక్షానికే వెళ్లమని ఆమె చెబుతుంది. పుట్టుకను బట్టి వచ్చిన మొదటి మాట ఈనాటి పాఠకులను ఇబ్బందిపెడితే అందులో తప్పులేదు, అది ఆ కాలపు మాట. నేను చూస్తున్నది చివరి మాటలను. లోకంలో తనకంటూ ఎవరూ మిగలని స్త్రీ, భర్త నెత్తురు చూసి వచ్చిన స్త్రీ, ఇక ఏదైనా చేయగల శక్తి చేతికి వచ్చిన క్షణంలో ముసలివాళ్లను, చంటిబిడ్డలను తలచుకుని నిప్పుకు హద్దు చెప్పింది. మీ వ్యాసకర్త రొమ్ము పెరికిన దృశ్యాన్ని ఎంతో ఆవేశంగా వర్ణించి, ఆ వెంటనే వచ్చే ఈ మాటలను పూర్తిగా వదిలేశారు. నా దృష్టిలో ఆమె బలమంతా ఉన్నది అక్కడే.

కావ్యం మూడవ కాండంలో, చేర రాజు సెంగుట్టువన్ హిమాలయాల నుంచి రాయి తెప్పించి ఆమెకు గుడి కట్టించినప్పుడు, దేవతగా కనిపించిన కణ్ణగి పాండ్యుడు దోషం లేనివాడనీ తాను అతని కూతురిననీ పలుకుతుంది. తప్పు ఒప్పుకుని ప్రాణమిచ్చిన రాజు మీద ఆమెకు ఇక బాకీ ఏమీ మిగలలేదు. ఆమె పేరు చెప్పి ఇతరులు చేసిన పనిని కూడా అదే కావ్యం దాచకుండా చెప్పింది: కొర్కైలో ఉన్న పాండ్య వంశీయుడు ఆమెను శాంతింపజేయడానికి వెయ్యిమంది కంసాలులను బలి ఇచ్చాడట. ఒక్కడు చేసిన దొంగతనానికి వృత్తి ఒక్కటే అయిన పాపానికి వెయ్యిమంది. కణ్ణగి అడగని పని అది. ప్రతీకారాన్ని ఆరాధించేవారు బాధితురాలి కన్నా ఎంత దూరం వెళతారో చెప్పడానికి ఇంతకన్నా భయంకరమైన వాక్యం అక్కరలేదు.

ద్రౌపది విషయంలోనూ ఇలాగే సగం కథే చెబుతున్నాం. మనకు గుర్తుండేది విరబోసిన జుట్టు, దుశ్శాసనుడి నెత్తురు. కానీ సభకు ఈడ్చుకురాకముందే, పిలవడానికి వచ్చిన ప్రాతికామి చేత ఆమె ప్రశ్న పంపించింది: ధర్మరాజు ముందు తననోడి నన్నోడాడా, నన్నోడి తననోడాడా? ఆ ప్రశ్నకు నిండు సభలో భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. విదురుడు, దుర్యోధనుడి తమ్ముడే అయిన వికర్ణుడు మాత్రమే ఆమె పక్షాన నోరు విప్పారు. జవాబు దొరకని ప్రశ్నే భీముడి ప్రతిజ్ఞగా మారింది, కురుక్షేత్రంగా మారింది. అంత అవమానంలోనూ ధృతరాష్ట్రుడు వరాలు కోరుకొమ్మంటే భర్తలను దాస్యం నుంచి విడిపించే రెండు వరాలు మాత్రమే తీసుకుని, మూడవది వద్దన్నది. అడిగితే రాజ్యమే వచ్చేదేమో. తనకు ఎంతవరకు హక్కుందో అంతకుమించి చేయి చాపని మనిషి ఆమె.

పదమూడేళ్ల తరువాత, సంధి కోసం కృష్ణుడు బయలుదేరబోతున్నప్పుడు తిక్కనగారి ద్రౌపది ఆ జుట్టును చేతబట్టుకుని వచ్చి 'ఈ వెండ్రుకలు వట్టి యీడ్చిన యా చేయి' అని మొదలుపెడుతుంది. ఆ చేయి, ఆ ఒళ్లు తునాతునకలై పడి ఉండగా చూస్తే తప్ప తన కడుపుమంట చల్లారదనీ, లేకుంటే భీముడి భుజబలమెందుకు, అర్జునుడి విల్లెందుకు, కాల్చడానికా అనీ అడుగుతుంది. ఈ పద్యం చదివి ఆమెను శాంతించమని చెప్పగల ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. చెన్నైలోని తిరువల్లిక్కేణిలో నివసించి 1921లో ఈ నగరంలోనే కన్నుమూసిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి, 1912లో మొదటి భాగం వెలువరించిన పాంచాలి శపథం కావ్యంలో ఈ ద్రౌపదిని పరాయి పాలనలో ఉన్న దేశమాతగా చూశాడు. ఆయన యుద్ధం వరకూ వెళ్లలేదు, శపథంతోనే కావ్యం ముగించాడు. దేశానికి కావలసిన బలం ఆ నిలదీతలోనే ఉందని అనుకుని ఉంటాడు.

మా పుట్టిల్లు చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. అక్కడ ఏటా ద్రౌపదమ్మ తిరునాళ్లు జరిగేవి, భారతం ఆడేవారు, చివరికి దుర్యోధన వధ. నేలమీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేసి పడుకోబెట్టేవారు; తొడ దగ్గర కుంకుమ నీళ్ల కుండ పూడ్చి ఉండేది. భీముడి వేషగాడు గదతో కొట్టగానే ఎర్రనీళ్లు చిమ్మి జనం ఒక్కసారిగా అరిచేవారు. ద్రౌపది వేషగాడు వచ్చి ఆ ఎరుపు తలకు రాసుకుని జుట్టు ముడి వేసుకునేవాడు. కాసేపటికి గాంధారి వేషం వచ్చి, మట్టిబొమ్మ చుట్టూ తిరుగుతూ, గుండెలు బాదుకుంటూ ఏడుపు పాట అందుకునేది. అంతకు ముందు అరిచిన ఆడవాళ్లే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం నేను చిన్నతనంలో చూశాను. మా అవ్వ కూడా ఏడ్చేది. దుర్యోధనుడు మంచివాడని ఎవరూ అనుకోలేదు, ద్రౌపదమ్మ తప్పు చేసిందనీ అనుకోలేదు. బిడ్డలు పోయిన తల్లి ఏడుస్తుంటే పక్షం చూడకుండా తామూ ఏడ్చారు. మన జానపదులు ఈ రెండు ఘట్టాలనూ ఒకే రాత్రి, ఒకే బొమ్మ ముందు ఆడించుకున్నారన్న సంగతి పండితులు కూడా గుర్తుంచుకోవలసింది.

ఇప్పుడు అశ్వత్థామ. ఇతనికి పగబట్టడానికి కారణం లేకపోలేదు. ఆ మాటకొస్తే కణ్ణగికి, ద్రౌపదికి ఉన్నంత బలమైన కారణమే ఉంది. తండ్రి ద్రోణుణ్ణి అబద్ధం చెప్పి అస్త్రాలు విడిచేలా చేశారు, ఆయుధం లేక ధ్యానంలో కూర్చున్న వృద్ధుడి తల ధృష్టద్యుమ్నుడు నరికాడు. మా పెరంబూరులో తెలుగు కుటుంబాల పిల్లలకు ఆదివారాలు నేను పద్యాలు చెబుతుంటాను. బడిలో తమిళ పాఠంగా కణ్ణగి వాదనను అప్పజెప్పే ఒక అమ్మాయి, ఈ కథ విని, 'వాళ్ల నాయన్ని మోసంతోనే చంపినారు కదా టీచర్, మరి ఆయనకు కోపం రాకూడదా?' అని అడిగింది. రావాలి తల్లీ, రాకపోతే కొడుకే కాదు అని చెప్పాను. తప్పు కోపంలో లేదు. సౌప్తిక పర్వంలో వ్యాసుడు దాన్ని మెట్టుమెట్టుగా చూపిస్తాడు. యుద్ధం ముగిసిన రాత్రి కృపుడు, కృతవర్మ మర్రిచెట్టు కింద నిద్రపోతుంటే అశ్వత్థామకు మాత్రం కన్ను మూతపడదు. పైన కొమ్మల్లో వేలాది కాకులు గూళ్లలో నిద్రపోతున్నాయి. ఒక గుడ్లగూబ చప్పుడు చేయకుండా వచ్చి, రెక్కలు తుంచి, కాళ్లు విరిచి, తలలు కొరికి ఆ కాకులన్నిటినీ చంపుతుంది. చెట్టు చుట్టూ నేల మాంసం ముక్కలతో నిండిపోతుంది. అది చూసి అతడు, నాకు ఉపాయం దొరికింది అనుకుంటాడు. కృపుడు వద్దన్నా వినలేదు. కణ్ణగి అగ్నికి పాఠం చెబితే, అశ్వత్థామ గుడ్లగూబ దగ్గర పాఠం నేర్చుకున్నాడు. నిద్రపోతున్న శిబిరంలో తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడితో ఆగకుండా ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. ఆ తరువాత ఉత్తర గర్భంలోని పిండం మీదకు కూడా అస్త్రం పంపాడు. పుట్టని బిడ్డను వేటాడిన పగకు మూడు వేల ఏళ్లు ఒంటరిగా, నెత్తురు చీము ఓడుతూ తిరగమన్న శాపం వచ్చింది. ఇతణ్ణి బలానికి ప్రతీక అనడానికి నాకు మనసొప్పదు.

దీనికి జవాబుగా మన భాషలో పోతనగారు రాసిన పద్యం ఉండగా, తెలుగు పత్రికలో వచ్చిన వ్యాసంలో అది లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. భాగవతం ప్రథమ స్కంధంలో అర్జునుడు అశ్వత్థామను పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఐదుగురు కొడుకుల శవాలు ఇంకా కళ్లెదుటే ఉన్న ఆ తల్లి అతనితో అన్నది ఇది:

ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు, కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు, బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?

ఇందులో తిట్టు లేదు. ఆ పిల్లలు నీ మీదకు రాలేదు, ఆయుధం పట్టలేదు, నీకు ఏ కొంచెం ద్రోహమూ చేయలేదు, నిద్రపోతున్నారు. నీకు చేతులెలా ఆడాయి? పాండ్యుడి సభలో కణ్ణగి అడిగిన ప్రశ్న ఎటువంటిదో ఇదీ అటువంటిదే. అడిగిన తరువాత, నా బిడ్డల కోసం నేను ఏడుస్తున్నట్టే నీ కోసం నీ తల్లి ఎక్కడ ఎలా ఏడుస్తోందో అని తలచుకుని, ఇతణ్ణి విడిచిపెట్టండని ద్రౌపదే అంటుంది. వ్యాసుడి ద్రౌపది ఇంత మెత్తనిది కాదన్న మాట నిజమే. అతణ్ణి చంపి తలమీది మణి తెచ్చేవరకు ఆహారం ముట్టనని ఆమె ప్రాయోపవేశానికి కూర్చుంది. కానీ మణి చేతికి వచ్చాక ఆమె కూడా, బాకీ తీరింది, గురుపుత్రుడు నాకు గురువుతో సమానం అని లేచింది. ఇద్దరు ద్రౌపదులూ ఎక్కడో ఒకచోట ఆగారు. అశ్వత్థామను మాత్రం ఇంకొకరు ఆపవలసి వచ్చింది.

అంబ గురించి ఎక్కువ చెప్పను. ఒక జన్మ చాలక మరో జన్మ ఎత్తి, శిఖండిగా భీష్ముడి పతనానికి కారణమైన ఆమె పట్టుదల అసాధారణం. ఆమె పగ భీష్ముణ్ణి దాటి పక్కవాడి మీదకు పోలేదన్న సంగతి మాత్రం గమనించాలి.

పాశ్చాత్య నవలల విషయంలో కూడా వ్యాసకర్త అందరినీ ఒకే గాటన కట్టారు. ఆ రచయితలు చూపించిన తేడా మన కావ్యాలు చూపించిన తేడాకు ఎంత దగ్గరగా ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చార్లెస్ డికెన్స్ 1859లో రాసిన రెండు మహానగరాల కథలో మదాం దెఫార్జ్ అనే స్త్రీ ఉంది. ప్రభువంశపు అన్నదమ్ములు ఆమె అక్కను చెరిచి, అన్నను చంపి, కుటుంబాన్ని నాశనం చేశారు. ఆమె కోపానికి కారణం లేదని ఎవరనగలరు? విప్లవం వచ్చాక ఆ వంశంలోని నిర్దోషిని, అతని భార్యను, పసికూతురిని కూడా చంపించాలని చూస్తుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని భర్త అంటే, ఎక్కడ ఆగాలో గాలికీ నిప్పుకూ చెప్పు, నాకు చెప్పకు అంటుంది. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే కణ్ణగే గుర్తుకొచ్చింది. ఎక్కడ ఆగాలో నిప్పుకు చెప్పిన స్త్రీ ఒకరు, తాను నిప్పునన్న స్త్రీ ఒకరు. ఇద్దరికీ జరిగింది అన్యాయమే, ఇద్దరూ సామాన్యులే, ఇద్దరి చేతికీ శక్తి వచ్చింది.

ఆహబ్ కథ 1851లో వచ్చిన మోబీ డిక్ నవలలోనిది. తన కాలు తీసుకుపోయిన తెల్ల తిమింగలాన్ని వేటాడుతూ సముద్రాలు తిరిగే ఈ ఓడ కెప్టెన్‌లో మహాశక్తి ఉంది, కాదనను. కానీ నవల చివర్లో రేచెల్ అనే మరో ఓడ ఎదురవుతుంది. దాని కెప్టెన్ కొడుకు, పన్నెండేళ్ల కుర్రవాడు, అదే తిమింగలం వెంట వెళ్లిన పడవలో తప్పిపోయాడు. వెతకడానికి రెండు రోజులు సాయం రమ్మని ఆ తండ్రి బతిమాలుతాడు. ఆహబ్ ఒప్పుకోడు, తిమింగలం తప్పించుకుంటుందని ఓడ ముందుకు నడిపిస్తాడు. తన ఓడను, తనను నమ్మి వచ్చిన మనుషులను అందరినీ ముంచేస్తాడు, మిగిలింది ఒక్కడు. ఆ ఒక్కణ్ణీ నీళ్లలోంచి తీసి బతికించింది, తప్పిపోయిన పిల్లల కోసం ఇంకా వెతుకుతూ తిరుగుతున్న ఆ రేచెల్ ఓడే.

అలెగ్జాండర్ డ్యూమా నవలలోని మాంటె క్రిస్టో ప్రభువు వీరిద్దరికీ భిన్నం. 1844 నుంచి ధారావాహికగా వెలువడిన ఈ కథలో, చేయని నేరానికి పద్నాలుగేళ్లు సముద్రం మధ్య కోటలో మగ్గిన ఎడ్మండ్ దాంతెస్, బయటపడి, అపారమైన సంపద సంపాదించి, తనను నాశనం చేసినవారిని ఒక్కొక్కరినీ వారి పాపాలతోనే పడగొడతాడు. చదువుతుంటే మనమూ అతని పక్షాన ఉండి ప్రతి దెబ్బకూ సంతోషిస్తాం. తనను జైలుపాలు చేసిన విల్‌ఫోర్ ఇంట్లో, అతని భార్య విషం తాగి, చిన్న కొడుకు ఎడ్వార్డ్‌కు కూడా విషమిచ్చి చంపుతుంది. తాను కదిపిన పావుల వల్ల చనిపోయిన ఆ పిల్లవాడి శవం ముందు మాంటె క్రిస్టో ప్రభువు మొదటిసారి తెల్లబోతాడు. దేవుడు నా వైపున్నాడని ఇక నేను అనలేనని అనుకుంటాడు. తన హక్కు ఎంతవరకో మళ్లీ ఆలోచించుకోవడానికి ఆ పాత జైలుకు వెళ్లి వస్తాడు. ఆఖరి శత్రువు దాంగ్లార్ ఆకలితో మాడి, జుట్టు తెల్లబడి చేతికి చిక్కినా, క్షమించి ప్రాణంతో విడిచిపెడతాడు. నన్నడిగితే అంతకు ముందు చూపిన తెలివితేటలన్నిటికన్నా ఆ ఆగడంలోనే అతని బలం ఎక్కువ కనిపిస్తుంది.

మధుర పసివాళ్లు, ఉపపాండవులు, రేచెల్ ఓడ కుర్రవాడు, ఎడ్వార్డ్: ఎక్కడెక్కడో, ఎప్పుడెప్పుడో రాసిన ఈ మహారచయితలు, ప్రతీకారం తీర్చుకునే మనిషి ముందు ఏదో ఒక దశలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టారు. వాణ్ణి చూసి ఆగినవారున్నారు, ఆగనివారున్నారు. రచయితలు ఎవరిని ఎత్తి చూపారో, ఎవరిని జాలిగా వదిలేశారో పుస్తకాల్లోనే స్పష్టంగా ఉంది. అందరిలోనూ ఒకే అగ్ని అని మీ వ్యాసకర్త అన్నది ఈ ఒక్క చోట నిలవదు.

అందరూ క్షమించాలని నీతి చెప్పడానికి ఇది రాస్తున్నానని దయచేసి అనుకోవద్దు. చంపదగినట్టి శత్రువు చేతికి చిక్కినా కీడు చేయకుండా మేలు చేసి పొమ్మనమన్నాడు వేమన. అది మహాత్ముల మాట, గౌరవిస్తాను. కణ్ణగి పాండ్యుణ్ణి క్షమించి వెనుదిరిగి ఉంటే ఆ కావ్యమే లేదు, ఆ విగ్రహమూ లేదు. దుశ్శాసనుణ్ణి క్షమించమని ద్రౌపదికి చెప్పినవారెవరైనా ఆ సభలో నోరు మూసుకున్న పెద్దల వరుసలో చేరతారు. అన్యాయం జరిగినవారి కోపాన్ని, ముఖ్యంగా ఆడవాళ్ల కోపాన్ని, మన సాహిత్యం ఎంతో గౌరవించింది. గౌరవించింది కనుకనే దానికి గురి ఉండాలని కోరింది. పగను మాత్రమే పొగిడి ఆ గురిని వదిలేస్తే, వయసులో ఉన్న పాఠకులకు మనం అందించేది సగం పుస్తకం. మా ఆదివారం పిల్లల్లో మగపిల్లలకు అశ్వత్థామ అంటే సహజంగానే ఇష్టం: చావులేనివాడు, నుదుట మణి ఉన్నవాడు, ఒంటరివాడు. ఆ ఇష్టం మీద నాకు కోపం లేదు. గుడ్లగూబ ఘట్టం, పోతన పద్యం కూడా చదివించాకే వాళ్లను ఇష్టపడమని అడుగుతాను.

వ్యాసం చివర, వచ్చే ఆదివారం నాయకురాలు నాగమ్మ గురించి ఉంటుందని ప్రకటించారు. అందుకే ఈ ఉత్తరం ఆలస్యం చేయకుండా రాశాను. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో గురజాల నలగామరాజు పక్షాన మంత్రిత్వం నడిపిన ఆమెను గురించి మనకు తెలిసింది ప్రధానంగా మాచెర్ల వీరులను కీర్తించిన కథల నుంచే, శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యం నుంచే. కోడిపందెంలో ఓడి మాచెర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లడం, రాజ్యం తిరిగి ఇమ్మని రాయబారిగా వచ్చిన అలరాజు విషప్రయోగానికి బలికావడం, ఆ నేరాలన్నీ నాగమ్మ మీదకే రావడం అందరికీ తెలుసు. ఆమెను ఉత్త దుష్టురాలుగా చూపిన పాత పద్ధతి ఎంత అన్యాయమో, ఇప్పుడు అదే పనులకు ఆమెను ఉత్త శక్తిస్వరూపిణిగా చూపడమూ అంతే అన్యాయం. రాజ్యాధికారం చేతిలో ఉన్న స్త్రీగా ఆమెను ఎవరు ఏమడిగారు, ఆమె ఏ జవాబు చెప్పింది, రాయబారి మరణం తరువాత ఆగడానికి దారి ఉండిందా అన్నవి వ్యాసకర్త పరిశీలించాలి. అలాగే బ్రహ్మనాయుడి పక్షాన్ని కూడా అదే ప్రశ్నలతో పరీక్షించాలి. వీధిలో బొంగరాలాడుకుంటూ, ఆ బొంగరం తగిలిన స్త్రీ ఎత్తిపొడిచిన మాటతో యుద్ధం సంగతి తెలుసుకుని కారెంపూడికి బయలుదేరిన బాలచంద్రుడు ఆ పక్షం కుర్రవాడే. అతని వీరత్వాన్ని ఎన్ని పుటలైనా రాయవచ్చు. అంత చిన్నవాణ్ణి యుద్ధభూమికి చేర్చిన పెద్దల పంతాల గురించి కూడా కొన్ని పంక్తులైనా రాయమనీ, వీలైతే ద్విపదలోని ఆ బొంగరాల ఘట్టాన్ని అర్థంతో సహా పక్కన ప్రచురించమనీ కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై.